ఏ ఇంటి ఆట సరియైన ఆట?

గత వార్షికోత్సవమునకు ముందు వారమున బాలబాలికలకు జరిపిన ఆటల పోటీల ఫలితములు ఈ సంచికలోనే వేరొక పుటయందు అచ్చుపడినవి. ఆ పట్టికలో అష్టాచెమ్మాకు ఎదురుగా విజేత పేరు లేకుండుట కొందరు తల్లిదండ్రులు గమనించియుందురు. అది అచ్చుతప్పు కాదు. ఆ ఆట నడుమ తగవు పుట్టి నిలిచిపోయినది. ఆ తగవు ఎట్లు పుట్టినది, దానిని తీర్చబోయి మేమెట్లు పొరబడితిమి, పిమ్మట విచారింపగా మాకు తెలిసినదేమి అను విషయములను తల్లిదండ్రులకు విన్నవించుట మా విధియని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆడినవారు ఇద్దరు. ఒకరు ఏడవ తరగతి బాలిక. ఆమె స్వగ్రామము బాగేపల్లి మార్గమున నున్నది. రెండవవాడు ఎనిమిదవ తరగతి బాలుడు. వాని తల్లి పుట్టినిల్లు చింతామణి వైపు. ఆట సగము గడచినది. బాలిక కాయ వెలుపలి గడులను చుట్టివచ్చి లోపలి వరుసకు తిరిగినది. వెంటనే బాలుడు చేయి అడ్డముపెట్టి, "ఒక్క కాయన్నా కొట్టకుండా లోపలికి పోయేదానికి లేదు" అనెను. "మా ఇంట్లో పోతాము. మా అవ్వ పోనిస్తుంది" అని ఆమె. "అట్లయితే మీ అవ్వకు ఆట రాదు" అని వాడు. చుట్టును మూగిన పిల్లలలో సగముమంది ఒక వైపు, సగముమంది మరియొక వైపు చేరిరి. ఇంతలో ఆరవ తరగతి పిల్లవాడొకడు, "ఫోనులో ఐతే ఆరు పడితేనే కాయ బయటికొస్తుంది, మీ ఇద్దరిదీ తప్పే" అని మూడవ మతమును స్థాపించెను.

కేకలు విని మేము పోతిమి. మా చేతిలో పోటీల నియమముల కాగితము కలదు. ఒక అచ్చు పుస్తకమునుండి మేమే ఎత్తి వ్రాసినది. దానియందు బాలుడు చెప్పిన నియమమే యుండెను. మేము మరి ఆలోచింపక, "అమ్మాయీ, నీవు ఆడినది తప్పు, కాయను వెనుకకు తీయుము" అంటిమి. ఆ పిల్ల కాయను వెనుకకు తీయలేదు. లేచి తరగతికి పోయెను. మేము పిలిచినను రాలేదు.

మరునాడు ఉదయము ప్రార్థన ముగియుసరికి ఆమె అవ్వగారు కొంగున గవ్వలు మూటగట్టుకొని పాఠశాలకు వచ్చిరి. కోపముతో రాలేదు; అది మాకు మరింత కష్టము కలిగించినది. "అయివారూ, ఈ ఆట నాకు మా అమ్మ నేర్పింది. ఆమెకు వాళ్లమ్మ నేర్పింది. మా ముగ్గురిదీ తప్పాట అని బిడ్డకు చెప్పినారంట, నిజమేనా?" అని అడిగిరి. ముప్పది సంవత్సరములుగా పిల్లల ప్రశ్నలకు సమాధానములు చెప్పుచున్న మాకు ఆ ప్రశ్నకు సమాధానము తోచలేదు. విచారించి చెప్పెదమని ఆమెను కూర్చుండబెట్టి కాఫీ తెప్పించితిమి.

ఆటను చిన్ననాడు ఆడి మరచినవారి కొరకు దాని స్వరూపమును క్లుప్తముగా జ్ఞాపకము చేసెదము. నిలువున ఐదు, అడ్డమున ఐదు, మొత్తము ఇరువదియైదు గడులు. వెలుపలి వరుసలో పదునారు గడులు, లోపలి వరుసలో ఎనిమిది, నట్టనడుమ ఒకటి. వెలుపలి చుట్టు ఒక దిక్కుగా తిరిగి, లోపలి చుట్టు దానికి ఎదురు దిక్కుగా తిరిగి, కాయ నడిమి ఇంట చేరి పండవలెను. నాలుగు గవ్వలు వేసి, నోరు పైకి పడినవానిని లెక్కింతురు. నాలుగును నోరు పైకి పడిన చెమ్మా, అనగా నాలుగు. నాలుగును బోరగిలపడిన అష్టా, అనగా ఎనిమిది. గుర్తువేసిన గడులలోని కాయను కొట్టరాదు. ఇంతవరకు అందరిదీ ఒకటే మాట. ఇక్కడినుండియే దారులు చీలుచున్నవి.

ఎనిమిదవ తరగతి పిల్లలను పిలిచి, ఇంటికిపోయి పెద్దలను అడిగి తమ ఇంటి నియమములను వ్రాసికొని రమ్మంటిమి. వారు తెచ్చిన కాగితములను చూచి మేము ఆశ్చర్యపడితిమి. కొందరి ఇండ్లలో చెమ్మా కాని అష్టా కాని పడినగాని కాయ ఇల్లు కదలదు. కొందరి ఇండ్లలో ఒకటి పడినను కదలును. కొందరు కొట్టినగాని లోపలికి పోనీయరు; కొందరు పోనిత్తురు. వరుసగా మూడుసార్లు చెమ్మా పడిన కొందరికి అది అదృష్టము. కొందరికి ఆ మూడును చెల్లవు. ఒకే గడిలో తనవే రెండు కాయలు చేరిన జంటను కొట్టవచ్చునా, జంటగానే నడపవలెనా అనుచోట ఒకే వీధిలోని రెండిండ్లకు పొత్తు కుదరలేదు. ఒక పిల్లవాని కాగితము మీద తండ్రి వ్రాసిన నియమములను తల్లి కొట్టివేసి, క్రింద తన పుట్టినింటి నియమములను వ్రాసియుండెను. ఆ కాగితమును మేము భద్రపరచితిమి.

ఈ భేదములు పిచ్చి పట్టుదలలా, వీనికి ఏదైన హేతువు కలదా అని మాకు సందేహము కలిగినది. గణితమును ఆశ్రయించితిమి. నాలుగు గవ్వలలో ప్రతి గవ్వకును రెండు విధములు. కనుక నాలుగింటికి పదునారు విధములు. ఒకటి పడుటకు నాలుగు విధములు, రెండు పడుటకు ఆరు, మూడు పడుటకు నాలుగు, చెమ్మాకు ఒకటి, అష్టాకు ఒకటి. గవ్వ ఇరువైపులకు సమానముగా పడునని అనుకొన్నప్పుడే ఈ లెక్క చెల్లును. నిజముగా గవ్వ అట్లు పడదని, ఒకవైపు అరగదీసిన చింతపిక్క అసలే పడదని మేమెరుగుదుము. అయినను దారి తెలియుటకు ఇది చాలును. చెమ్మా లేక అష్టా పడినగాని కాయ కదలదను ఇంట, కాయ కదలుటకు పదునారింట రెండు, అనగా ఎనిమిదింట ఒకటి మాత్రమే అవకాశము. ఎనిమిదిమార్లు గవ్వలు వేసిన తరువాత కూడ నూటికి సుమారు ముప్పది నలుగురు ఇంకను ఇంటనే కూర్చుండి యుందురు. ఒకటి పడినను కదలు ఇంటనో, కాయ అంతకంటె త్వరగా బయలుదేరును.

దీనివలన తెలియునదేమి? మొదటి నియమము ఆటను సాగదీయును, రెండవది త్వరపెట్టును. కొట్టనిదే లోపలికి పోరాదను నియమమును అట్టిదే. అది లేనిచో ఎవరి దారిన వారు పోవచ్చును. ఆట పరుగుపందెము వంటిది. అది యున్నచో ఎదుటివానిని వెదకి పట్టుకొనవలెను, వెలుపలి చుట్టులోనే తిరుగుచు కాచుకొని యుండవలెను, ఆట వేటవంటిది. వేసవి మధ్యాహ్నమున, పొలము పనులు లేని దినములలో, నలుగురు తోడికోడండ్రు చేరి ఆడు ఇంట ఆట సాయంకాలము వరకు సాగుటయే కావలసినది. అట్టి ఇంట కఠిన నియమములు నిలిచినవి. పొయ్యిమీద సంకటి ఉడుకునంతలో అవ్వయు మనుమరాలును ఇద్దరే ఆడుకొను ఇంట సులభ నియమములు నిలిచినవి. ఆ అవ్వగారిని అడుగగా ఆమె చెప్పినదియు ఇదియే: "మేమిద్దరమే కదా అయివారూ, కొట్టే నియమం పెడితే బిడ్డ నా కాయను కొట్టనే కొట్టదు. పాపమంటుంది. ఆట ఎప్పటికి ముగిసేది?" నియమమును తీసివేసినది ఆట రాకపోవుటచేత కాదు, మనుమరాలి మనస్సు ఎరిగియుండుటచేత. అచ్చు పుస్తకము వ్రాసినవారికి ఆ మనుమరాలు తెలియదు గదా!

ఇక "అసలు" ఆట యేది అను ప్రశ్న మిగిలినది. తగవులాడు ప్రతివాడును తనది అసలనియు, ఎదుటివానిది చెడిపోయినదనియు అనును. కాని వెనుకకు పోయినకొలది ఒకటే మూలము దొరకుటకు మారుగా మరిన్ని కొమ్మలు కనబడుచున్నవి. అష్టాచెమ్మాకు కన్నడములో చౌకాబారా అని పేరు. నాలుగుకు చౌకా, ఎనిమిదికి బారా. దీనికి పెద్దయక్క వంటిది పచ్చీసు. ఫతేపూరు సిక్రీ కోటలో నేలపై పరచిన పచ్చీసు పటమును నేటికిని చూపుదురు. ఆ పచ్చీసునే ఇంగ్లండువారు కుదించి, గవ్వలకు బదులు ఒక పాచిక పెట్టి, లూడో అని పేరుంచి 1896లో పేటెంటు పొందిరి. అది అట్టపెట్టెలో కూర్చుండి తిరిగి మన ఊళ్లకు వచ్చినది. ఇప్పుడు ఫోనులో కూర్చుండి వచ్చుచున్నది. మనుమడు విదేశమునకు పోయి, సూటు తొడిగికొని వచ్చి, అవ్వకు మర్యాద నేర్పుచున్నట్లున్నది.

పులిజూదము సంగతియు ఇంతే. మన వైపున త్రిభుజాకారపు పటముపై మూడు పులులు, పదునైదు మేకలు. నేపాళములో చతురస్రపు పటముపై నాలుగు పులులు, ఇరువది మేకలు. హంపి మండపములలో రాతిపై గీసిన ఆట పటములను చూచినవారు, అవి అన్నియు ఒక్క తీరున లేవని ఎరుగుదురు. ఆనాటి కావలివాండ్రును వాదులాడియే యుందురు.

మన రాష్ట్రపు చరిత్రలోనే ఈ విషయమునకు గొప్ప నిదర్శనము కలదు. మైసూరు ప్రభువైన ముమ్మడి కృష్ణరాజ ఒడెయరువారు (1794–1868) పటముపై ఆడు ఆటలయందు మిక్కిలి ఆసక్తి గలవారు. వారి పేర వెలసిన శ్రీతత్త్వనిధి యను బృహద్గ్రంథములో తొమ్మిదవ నిధికి కౌతుకనిధి అని పేరు; అందు ఆటలు వర్ణింపబడినవి. ఆ ప్రభువు ఉన్న ఆటలను భద్రపరచుటతో తృప్తిపడక కొత్త పటములను కల్పించిరి, చదరంగములో చిక్కు సమస్యలను కూర్చిరి. రాజే స్వయముగా నియమములను మార్చి ఆడుకొనుచుండగా, మార్పు అపచారమని మనమెట్లు అనగలము? నేడు మైసూరులో రామ్‌సన్స్ కళాప్రతిష్ఠానమువారు ఈ పాత ఆటలను, పటములను తిరిగి చేయించి ప్రదర్శించుచున్నారు. పాఠశాల విహారయాత్ర మైసూరునకు పోవునప్పుడు జంతుప్రదర్శనశాలతోపాటు దీనిని కూడ చూపవలెనని మా కోరిక.

నియమభేదము వలన మనుష్యునికి నిజముగా ఏమి నష్టము కలుగునో, ఏమి లాభము కలుగునో తెలిసికొనుటకు చదరంగమును మించిన ఉదాహరణము లేదు. మన పెద్దలు ఆడిన చదరంగమునకును, నేడు పోటీలలో ఆడు చదరంగమునకును భేదములు కలవు. పెద్దల ఆటలో బంటు మొదటి ఎత్తునను ఒక్క గడియే నడచును. నేటి ఆటలో మొదట రెండు గడులు పోవచ్చును. నేటి ఆటలో రాజును ఏనుగును ఒకే ఎత్తులో చోటు మార్చుకొని రాజు కోటలో దాగును; పెద్దల ఆటలో కోట కట్టుట లేదు, దానికి బదులు రాజు ఒక్కమారు గుర్రమువలె దుమకవచ్చును. బంటు చివరి గడి చేరినప్పుడు నేడు కోరిన బలమును పొందవచ్చును. పెద్దల ఆటలో ఏ బలపు వరుసలో చేరెనో ఆ బలమే యగును. మేము బాలురముగా నున్నప్పుడు, పట్టణమున చదివి వచ్చిన యువకుడొకడు మా ఊరి రచ్చబండ మీద బంటును రెండు గడులు నడిపి, పెద్దలచేత చీవాట్లు తినుట మాకు జ్ఞాపకమున్నది. "నీ బంటుకు కాళ్లు ఎక్కువైనాయా?" అని వారు అడిగిరి. అయితే ఆ పెద్దలు ప్రాణము పెట్టి కాపాడుకొన్న మంత్రి నడక మాత్రము అంత పాతది కాదు. పూర్వము మంత్రి మూలకు ఒక్క గడి మాత్రమే కదలెడివాడు. ఎన్ని గడులైనను ఎటైనను పోవు బలము పదునైదవ శతాబ్దాంతమున ఐరోపాలో కలిగి, పిమ్మట మన పలకలపైకిని వచ్చినది. కనుక రచ్చబండ మీది "అసలు" చదరంగమునందును పొరుగుదేశపు పాలు కలదు.

ఈ రెండు పద్ధతుల నడుమ వంతెన కట్టిన మొదటి వారిలో ఒకరు దాక్షిణాత్యుడైన పండితుడు. తిరువేంగడాచార్య శాస్త్రిగారు చదరంగ సమస్యలను గూర్చి సంస్కృతమున రచించిన గ్రంథము ఐరోపా పద్ధతికి అనువుగా మార్చబడి, ఆంగ్లమున 1814లో బొంబాయిలో అచ్చయినది. రెండువందల యేండ్లకు పూర్వమే ఒక శాస్త్రులవారు "నా ఆట నాకుండనీ, మీ ఆటలోను నా బుద్ధిని చూపెదను" అను వైఖరిని అవలంబించిరని మేము దీనిని అర్థము చేసికొంటిమి.

ఇంతకంటె హృదయమును తాకునది సుల్తాన్ ఖాన్ కథ. పంజాబు గ్రామసీమలో పుట్టిన ఈయన చిన్ననాట నేర్చినది మన దేశపు చదరంగమే. ఐరోపా నియమములను యౌవనమున నేర్చికొనెను. తన్ను పోషించిన జమీందారు వెంట ఇంగ్లండునకు పోయి, 1929, 1932, 1933 సంవత్సరములలో మూడుమార్లు బ్రిటిషు చాంపియను అయ్యెను. మాజీ ప్రపంచ విజేతయైన కాపాబ్లాంకాను హేస్టింగ్సు పోటీలో ఓడించెను. బంటు రెండు గడులు దుమకు ఆటకు అలవాటుపడకపోవుటచే ఆట ఆరంభమున ఆయన తడబడెడివాడనియు, బలములు తగ్గిన తరువాత ఆట ముగింపున ఆయనను గెలుచుట కష్టమనియు ఎరిగినవారు వ్రాసిరి. ఇంటి ఆట ఆయనకు ఆరంభమున అడ్డమైనది, అంతమున అండయైనది. 1966లో గతించిన ఆయనకు అంతర్జాతీయ చదరంగ సమాఖ్యవారు 2024లో గౌరవ గ్రాండ్‌మాస్టరు బిరుదము నొసగిరి. బ్రతికియున్నంత కాలము ఆ బిరుదము ఆయనకు లేదు.

ఇక్కడ తల్లిదండ్రులు మమ్ము అపార్థము చేసికొనకుందురు గాక. పోటీకి ఒకే నియమము కావలెను. 1924లో పారిసులో స్థాపింపబడిన ఆ సమాఖ్య లేనిచో, గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదునైదేండ్ల ప్రాయమున గ్రాండ్‌మాస్టరు అగుటయు, చెన్నపట్టణమున తెలుగు కుటుంబములో పుట్టిన గుకేశ్ 2024 డిసెంబరులో సింగపూరునందు పదునెనిమిదేండ్లకే ప్రపంచ విజేత యగుటయు సాధ్యపడెడివి కావు. తాలూకా పోటీలకు పోవు మన పిల్లలు పోటీ నియమములను క్షుణ్ణముగా నేర్వవలసినదే; వారానికి రెండు దినములు మేము నేర్పించుచునే యున్నాము. అష్టాచెమ్మా పోటీకిని ఒక నియమము పెట్టుట మా తప్పు కాదు. దానిని ముందుగా చెప్పకపోవుట మొదటి తప్పు. "ఇక్కడ ఇట్లు ఆడుదము" అనుటకు బదులు "నీవు ఆడినది తప్పు" అనుట రెండవ తప్పు. మొదటిది అజాగ్రత్త, రెండవదానికి మేము సిగ్గుపడితిమి.

ఇట్టి తగవులు చదువురాని పల్లెవారికే అని యెవరైన అనుకొన్నచో, బెంగళూరున కంప్యూటరు కొలువు చేయుచున్న మా పూర్వ విద్యార్థి చెప్పిన సంగతి వినవలెను. ఆదివారము వచ్చినచో అతడును మిత్రులును డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆటకు కూర్చుందురట. అది అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 1974లో వెలువరించిన ఆట. బల్ల చుట్టును కూర్చుండి ఒకడు కథ నడుపును. తక్కినవారు తలకొక వేషము ధరించినట్లు భావించి, మా వీరుడు ఇట్లు చేసెను, మా మాంత్రికుడు ఇట్లనెను అని పలుకుదురు. వేషము నోటనే గాని ఒంటిమీద లేదు. పని జరిగెనా లేదా యనునది ఇరువది ముఖముల పాచిక తేల్చును. శకుని చూచినచో ఎంత మురిసిపోయెడివాడో! ఈ ఆటకు పెద్ద నియమ గ్రంథములు కలవు. అవి మారుచుండును. 2000లో మూడవ కూర్పు, 2008లో నాలుగవ కూర్పు వచ్చినవి. నాలుగవదానిలో ఆట స్వరూపమే మారినదని పాత ఆటగాండ్రు అలిగిరి. ఆ అలుక ఎంతవరకు పోయినదనగా, వేరొక ప్రచురణ సంస్థ మూడవ కూర్పు నియమములనే సంస్కరించి 2009లో పాత్‌ఫైండర్ అను పేర ఒక ఆటను వెలువరింపగా జనులు దానివైపునకు తరలిపోయిరి. అంతట మొదటి సంస్థవారు మేల్కొని, ముసాయిదా నియమములను ఆటగాండ్రకే పంచి, ఆడించి, అభిప్రాయములు సేకరించి, 2014లో ఐదవ కూర్పును తెచ్చిరి. 2024లో దానిని మరల సవరించిరి. మరల తగవు. మా విద్యార్థి మిత్రులలో ఒకడు, ఆ కూర్పులలో ఒకదానిని ఎవరైన పొగడినచో ఆనాడు అన్నము తినడట.

"మీలో ఎవరిది సరి?" అని మేము అతనిని అడిగితిమి. అతడు నవ్వి, "ఎవరు ఏ కూర్పుతో నేర్చుకున్నారో వాళ్లకు అదే సరి సార్. మొదట నేర్పించిన అన్న మీద అభిమానం, పుస్తకం మీద కాదు" అనెను. అవ్వగారి మాటకును ఇతని మాటకును దూరము లేదని మాకు తోచినది. నీ ఆట తప్పు అన్నప్పుడు పిల్లవాని చెవికి వినబడునది, నీకు నేర్పినవారికి ఏమియు తెలియదు అను మాట. ఆ బాలిక లేచి పోవుటకు కారణము ఆట కాదు.

ఫోను విషయము వేరుగా చెప్పవలెను. ఫోనులో తగవు లేదు. కాయ కదలరానిచో కదలనే కదలదు. వాదించుటకు ఎదుట మనిషి లేడు. ఇది సుఖముగనే కనబడును. కాని మా అనుభవములో పిల్లలు బంట్రోతునైన, పంతులునైన, పెద్దవారినైన ఎదిరించి మాటాడుట నేర్చినది ఆటల తగవులలోనే. "నిన్న ఒప్పుకున్నావు, ఈనాడు కాదంటావేమి?" అని నిలదీయుట, రెండు పక్షములు విని మధ్యస్థము చెప్పుట, ఓడినను రేపు మరల ఆ పిల్లతోనే ఆడవలెను గనుక కోపమును దిగమ్రింగుట — ఇవి భైరసాగరపు కట్టమీద గీసిన గడుల దగ్గర నేర్చిన విద్యలు. ఫోను ఒక్క నియమమును అందరికిని నేర్పును. దాని ఎదుట అవ్వ నియమమునకు చోటులేదు. పదేండ్లు ఇట్లు గడచిన, తల్లి కొట్టివేసి తిరిగి వ్రాసిన ఆ కాగితము వంటిది మరియొకటి మాకు దొరకదు.

ఒక తండ్రిగారు ఈ సందర్భమున మా వద్దకు వచ్చి, "తెలుగు బడికి పంపిస్తే బిడ్డ చౌకాబారా అంటా ఉంది సార్, అష్టాచెమ్మా అనదు. ఇట్లైతే తెలుగు ఏం నిలిచేది?" అని వాపోయిరి. వారి ఆవేదన మాకు తెలియనిది కాదు. ఏటేటా ప్రవేశముల సంఖ్యను చూచుకొను మాకును ఆ భయమే కలదు. అయినను ఆ బిడ్డ ఆడుచుండగా మేము ప్రక్కనే నిలిచి వింటిమి. ఆట పేరు కన్నడము; లెక్క తెలుగు; కొట్టినప్పుడు వేసిన కేక తెలుగు; పొరుగింటి పిల్లను బుజ్జగించిన మాట తిరిగి కన్నడము. కైవార తాతయ్యగా మనము కొలుచు యోగి నారేయణులు తెలుగునను కన్నడమునను పలికిన సీమ ఇది. సరిహద్దు ఆవలి పాఠ్యపుస్తకములో లేని మాట మన పిల్లలు పలికినంతమాత్రమున అది తప్పు తెలుగు అనుట, ఆ బాలికకు మేము చెప్పిన తీర్పు వంటిదే. పరీక్షలో వ్రాయవలసిన మాటను మేము నేర్పెదము. ఇంట పలుకు మాటను మీరు మాన్పింపకుడు.

ఇప్పుడు చేయుచున్న పని యేమనగా, పాఠశాలలో ఒక పెద్ద లెక్కల పుస్తకమును ఆటల కొరకు కేటాయించితిమి. ప్రతి కుటుంబమునకును అందు ఒక పుట కలదు. ఆట పేరు ఏమని పిలుతురు, కాయ ఎప్పుడు కదలును, ఎప్పుడు చచ్చును, జంటకు ఏమి మర్యాద, ఆ నియమము ఏ ఊరినుండి, ఎవరివలన వచ్చినది అను సంగతులను తల్లిదండ్రులు వ్రాసి పంపవలెను. వ్రాయలేని పెద్దలు చెప్పినచో పిల్లలు వ్రాసికొందురు. అష్టాచెమ్మాయే కానక్కరలేదు, పులిజూదము, వామనగుంటలు, వైకుంఠపాళి, చింతపిక్కలు ఏదైనను సరియే. భాష ఏదైనను సరియే. ఇదివరకే కొన్ని పుటలు నిండినవి. ఒక పుటలో పటము గీయుటకు చోటు చాలక అట్టమీద గీసియున్నారు.

వచ్చు సంవత్సరపు పోటీలకు నియమములను పదిదినములు ముందుగా గోడపై అంటించెదము. ఆ కాగితము శిరస్సున "ఈ పోటీకి మాత్రమే" అని వ్రాయించెదము.

నిలిచిపోయిన ఆట సంగతి. ఆ బాలికయు బాలుడును మరల ఆడుటకు ఒప్పుకొనిరి. ఒక ఆట అతని నియమముల ప్రకారము, ఒక ఆట ఆమె నియమముల ప్రకారము అని నిర్ణయించితిమి. అతని నియమములతో ఆడిన ఆటలో ఆమె గెలిచెను. ఆమె నియమములతో ఆడిన ఆటలో అతడు గెలిచెను. మూడవ ఆటకు నియమములను నిర్ణయించుటకై ఇద్దరి అవ్వలను ఒక శనివారము పాఠశాలకు ఆహ్వానించితిమి. వారిద్దరును ఒకరినొకరు "అక్కా" యని పిలుచుకొని మర్యాదగా కూర్చుండిరి. నియమముల ప్రసక్తి రాకమునుపే, ఎవరి గవ్వలతో ఆడవలెనను చర్చ మొదలైనది. మధ్యాహ్నపు గంట కొట్టువరకు అది తెమలలేదు. ఈ సంచిక అచ్చునకు పోవుసరికి మూడవ ఆట జరుగలేదు గనుక, పట్టికలో ఆ గడి ఖాళీగా నున్నది.